సింహాద్రి మావయ్య నాలుగు పీపాలు

అనగనగా ఒక ఊరు అని మొదలుపెడదామంటే ఆ ఊరివాళ్ళు ఊరుకోరు. ఏం, మా ఊరికి పేరు లేదా అని తగువుకొస్తారు. ఉంది. ములగలంక. ఆ ములగలంకలో నూకరత్నమ్మగారని ఒకావిడ, ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దాడు పేరయ్య, నడిపివాడు గవర్రాజు, చిన్నవాడు బుల్లబ్బాయి. ముగ్గురికీ మీసాలు వచ్చాయి. మిగతావే ఇంకా రావలసి ఉన్నాయి.

ఆ ఇంటివాళ్ళ తెలివి గురించి ఎవరినీ అడగక్కర్లేదు, వాళ్ళే చెబుతారు. పేరయ్య అరుగు మీద కూర్చుని, దారినపోయేవాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు.

"లోకంలో పనులు ఎందుకు చెడిపోతున్నాయో తెలుసాండీ? చెప్పేది ఒకటి, చేసేది ఇంకోటి. ప్రతివాడూ మధ్యలో సొంత తెలివి దూరుస్తాడు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఎవరు పని చెబితే వాళ్ళ తెలివే వాడతాం. మాది అరిగిపోకుండా దాచుకుంటాం."

అరిగిపోలేదన్న మాట మాత్రం నిజం. ఓసారి నూకరత్నమ్మగారు పెళ్ళికి వెళ్తూ, "దొంగ వస్తే కేకెయ్యరా" అని గవర్రాజుకి చెప్పి వెళ్ళింది. దొంగ వచ్చాడు. గవర్రాజు ఒక్క కేక వేసి మళ్ళీ పడుకున్నాడు. దొంగ కాసేపు చూశాడు, చూసి చూసి ఇత్తడి బిందెలన్నీ పట్టుకుపోయాడు. తల్లి వచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంటే, "రెండో కేక సంగతి నువ్వు చెప్పలేదుగా అమ్మా" అన్నాడు వాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అవును సుమా, తప్పు నాదే" అంది. మరి పిల్లలు ఎవరి పోలికో మీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది.

ఆ ఇంట్లో పొరపాటున తెలివితో పుట్టినవాడు ఒక్కడే, నూకరత్నమ్మగారి తమ్ముడు సింహాద్రి. వయసులో ఉండగా ఓడ వంటింట్లో గిన్నెలు తోమే పనికి కుదిరి దేశాలు తిరిగాడు. ఓడ ఏ రేవులో ఆగినా తోటివాళ్ళు బజార్లు చూడబోతే, ఈయన మాత్రం బీరు కాచేవాళ్ళ దగ్గర చేరేవాడు. బార్లీ గింజ ఎంత మొలక వస్తే తియ్యాలి, ఎంత వేగితే ఏ రంగు వస్తుంది, పులుపు ఎక్కడ ఆపాలి, అన్నీ కళ్ళతో చూసి చేత్తో నేర్చుకున్నాడు. చివరికి గిన్నెలకి దణ్ణం పెట్టేసి కాకినాడలో చిన్న కొట్టు తీసి, రాగి బానలు పెట్టి, నాలుగు రకాల బీరు కాచాడు. గోధుమ బీరు, చేదు బీరు, పుల్ల బీరు, నల్ల బీరు. ఒక్కోదానికి ఒక్కో తీరు, ఒక్కో వాసన. కన్నపిల్లల్లా చూసుకునేవాడు.

కాని జనానికి బీరంటే ఒకటే ప్రశ్న. చల్లగా ఉందా, లేదా? "నాలుగు రకాలున్నాయండీ, కాస్త రుచి చూడండి" అని పాపం ఆయన బతిమాలితే, "నాలుగూ చల్లగానే ఉన్నాయా?" అని అడిగేవారు. ఉన్నాయంటే ఒకటి గటగటా తాగేసి, ఏది తాగారో కూడా చూసుకోకుండా పోయేవారు. మిగతావాళ్ళు అసలు వచ్చేవారే కాదు.

ఇలా కొట్టు మూతపడే రోజు దగ్గరికొస్తుంటే, విశాఖపట్నం నుంచి పురుషోత్తంగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయనకి సముద్రం ఒడ్డున వరసగా హోటళ్ళున్నాయి. ఆయన నాలుక గురించి పెద్దపెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఆయన గుటక వేసి తల ఊపాడా, ఆ సరుకు తిరిగి చూసుకోనక్కర్లేదు. పెదవి విరిచాడా, ఇక అంతే. సింహాద్రికి ఇదే ఆఖరి ఆశ. ఇది కుదిరితే కొట్టు నిలబడుతుంది. కుదరకపోతే బానలు పాతసామాన్లవాడికి ఇచ్చేసి, ఈ వయసులో మళ్ళీ ఓడెక్కి గిన్నెలు తోముకోవాలి.

పీపాలు మొయ్యడానికి మనుషులు కావాలని అక్కకి కబురు పెట్టాడు. అక్క కొడుకుల్ని పంపింది. మొయ్యడం వరకూ వాళ్ళకి వంక పెట్టడానికి లేదు. కాని సరిగ్గా పురుషోత్తంగారు వచ్చే రోజు పొద్దున్నే సింహాద్రికి జ్ఞానదంతం లేచి, దవడ బూరెలా వాచిపోయింది. నీళ్ళు కూడా మింగుడు పడలేదు. పీకించుకోక తప్పదు. ఆ కొట్లో ఉన్న జ్ఞానమంతా అలా ఆటో ఎక్కడానికి సిద్ధమైంది.

వెళ్తూ వెళ్తూ మేనల్లుళ్ళని నిలబెట్టి, దవడ పట్టుకుని చెప్పాడు.

"ఒరేయ్, చెవులు పెట్టి వినండి. గోధుమ బీరుకి మడ్డి అడుక్కి దిగిపోతుంది. పోసేముందు పీపాని ఓసారి అటూ ఇటూ దొర్లించండి. గ్లాసులో పైన రెండు వేళ్ళ నురగ నిలవాలి. ఒక రకం అయ్యాక ఇంకో రకం ఇచ్చేముందు ఆయన నోరు శుభ్రం చేయించండి, లేకపోతే కొత్త రుచి తెలీదు. నల్లదాన్ని ఐసులో పెట్టకండి, చలి విరిగి కాస్త వెచ్చబడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆయన నాలుక మామూలు నాలుక కాదు. ఫలానా రుచి ఉందన్నాడంటే ఉన్నట్టే. లేదని ఎదురు చెప్పారో, చంపేస్తాను. నా పరువు మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నా."

"పీపాలు మోసేప్పుడు దాన్ని ఎక్కడ పెట్టమంటావు మావయ్యా?" అనడిగాడు బుల్లబ్బాయి.

సింహాద్రి ఏదో అనబోయాడు గాని పన్ను సలిపింది. ఆటో వెళ్ళిపోయింది.

పేరయ్య చొక్కా చేతులు మడిచాడు. "విన్నారుగా? విన్నది విన్నట్టు చెయ్యాలి. ఎవడైనా మధ్యలో ఆలోచించాడంటే మర్యాదగా ఉండదు!" అన్నాడు. గవర్రాజు గోధుమ బీరు పీపాని వీధిలోకి దింపి ముందు 'అటు' దొర్లించాడు. అటు అంటే ఎందాకో మావయ్య చెప్పలేదు కాబట్టి వీధి అయిపోయేదాకా, చేపల బజారు దాటి, రైలు గేటు పడేదాకా దొర్లించాడు. గేటు పడింది గనక సరిపోయింది. తర్వాత 'ఇటు' మొదలెట్టాడు. దారిలో రెండు సైకిళ్ళు, ఒక బజ్జీల బండి పక్కకి తప్పుకున్నాయి. బండివాడు వెంటపడి తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, పిల్లలున్నారు.

సరిగ్గా అప్పుడే కొట్టు ముందు కారు ఆగింది. తెల్లటి జుబ్బా, మెడలో కళ్ళద్దాల గొలుసు, కాళ్ళకి అరిగి అరిగి నున్నబడిన తోలు చెప్పులు. పురుషోత్తంగారు దిగారు. దిగీ దిగగానే ఎదురుగా పీపా దొర్లుకుంటూ మీదికొచ్చింది. ఆయన గభాలున అరుగెక్కేశారు.

"ఇదేంటయ్యా?"

"గోధుమ బీరండి. మీకోసమే వస్తోందండి," అన్నాడు పేరయ్య వినయంగా.

ఇక్కడ పురుషోత్తంగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఏదైనా ఒప్పుకుంటారు గాని, "నాకు తెలీదు" అన్న ముక్క మాత్రం ఆయన నోట రాదు. తెలియనిది ఎదురైతే కళ్ళు అరమోడ్చి తల పంకిస్తారు. ఇప్పుడూ అదే చేశారు. "ఓహో, నడిపించి తెస్తారా? జర్మనీలో చూశాను," అన్నారు. జర్మనీలో ఏ బీరూ వీధుల వెంట నడవదు. ఆ సంగతి చెప్పాల్సిన సింహాద్రి అప్పటికి డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

బీరు కాచే చోటు గనక చెప్పులు గుమ్మం బయట విడవమని అక్కడ బోర్డు ఉంది. ఆయన విడిచి లోపలికొచ్చి కూర్చున్నారు. గుర్తుపెట్టుకోండి, చెప్పులు బయట ఉన్నాయి.

గవర్రాజు పీపా కుళాయి తిప్పాడు. రైలు గేటుదాకా పోయొచ్చిన బీరు మరి ఊరుకుంటుందా? ఇంకేముంది, భుస్సుమని లేచి ఇంటికప్పుకి తగిలింది. గోడలు తడిశాయి, దేవుడి పటం తడిసింది, పురుషోత్తంగారి జుబ్బా తడిసింది. గ్లాసులో చూస్తే నురగే గాని బీరు లేదు.

"రెండు వేళ్ళే ఉండాలన్నాడు మావయ్య," అన్నాడు గవర్రాజు దిగులుగా. "కొలవాలి. ఎవరి వేళ్ళురా?"

"తాగేవాడి వేళ్ళే కొలత," అని తీర్పు చెప్పాడు పేరయ్య. అంతే. పురుషోత్తంగారి చెయ్యి పట్టుకుని రెండు వేళ్ళూ గ్లాసులో ముంచారు. ఎక్కువైన నురగని బుల్లబ్బాయి ఉఫ్ ఉఫ్ మని ఊదేశాడు. అది ఆయన కళ్ళద్దాల మీద పడింది.

"వేళ్ళతో మొదలెడతారన్నమాట," అన్నారాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "మంచి పద్ధతి. బెల్జియంలో ఇలాగే." తర్వాత కళ్ళు మూసుకున్నారు. రుచి చూసేప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటే, చివరి తీర్పు చెప్పేదాకా తెరవరు. నోట్లో పోసుకుని, అటూ ఇటూ పుక్కిలించి, మింగి, నిట్టూర్చారు. "అరటిపండు ఉంది. మాగిన అరటిపండు. ఇంకో గ్లాసు ఇవ్వండి. నిజం రెండో గ్లాసులోనే తెలుస్తుంది."

అన్నదమ్ములు ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. బుల్లబ్బాయి పీపా మూత తీసి లోపలికి తల దూర్చాడు.

"అన్నియ్యా, అరటిపండు లేదే!"

"ష్! గట్టిగా అనకు. ఆయన ఉందన్నాక ఉండాలి. లేదని తెలిస్తే మావయ్య పరువు ఏం కావాలి?"

అంతే. గవర్రాజు పరుగెత్తుకెళ్ళి చక్కెరకేళి గెల మోసుకొచ్చాడు. తొక్కలు వలవమని ఎవరూ చెప్పలేదు. గెల గెలలాగే పీపాలోకి దిగింది, కాడతో సహా. రెండో గ్లాసులో కాస్త తొక్క తగిలింది పురుషోత్తంగారి పంటికి. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా! నేను చెప్పానా, లేదా?"

"చెప్పారండి. చెప్పాకే వచ్చిందండి," అన్నాడు పేరయ్య.

ఇక రెండో రకం. నోరు శుభ్రం చేయించాలి కదా. మామూలుగా ఎవరైనా గుక్కెడు మంచినీళ్ళు ఇస్తారు, ఓ రొట్టెముక్క ఇస్తారు. మనవాళ్ళకి శుభ్రం అంటే శుభ్రమే. బుల్లబ్బాయి వెనకనుంచి తల పట్టుకున్నాడు, పేరయ్య గడ్డం పట్టుకున్నాడు, గవర్రాజు వేపపుల్ల నమిలించి, ఉప్పూ బొగ్గుపొడీ వేసి పళ్ళు తోమి, తాటాకు బద్దతో నాలుక బరబరా గీశాడు. లోకంలో పెద్దపెద్దవాళ్ళు చెప్పుకునే నాలుక! ఇప్పుడది గీకిన కొబ్బరి చిప్పలా అయింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఇంత... ఇంత శ్రద్ధగా నన్నెవరూ చూసుకోలేదు," అన్నారాయన.

చేదు బీరు తాగించారు. వేపపుల్ల నమిలిన నోటికి చేదేం తెలుస్తుంది? అయినా ఆయన కళ్ళు మూసుకుని, "అబ్బ, పచ్చగడ్డి! అప్పుడే కోసిన పచ్చగడ్డి!" అన్నారు. ఇంకేముంది, పక్కింటి గేదె ముందున్న గడ్డి మోపు మాయమైంది. గేదె మాత్రం తెలివైనదే, మోపు వెనకాలే గుమ్మందాకా వచ్చి అరిచింది. రెండో గ్లాసు తాగుతూ ఆ అరుపు విన్న పురుషోత్తంగారు, "పల్లెటూరి నేపథ్యం కూడా ఉంది సుమా ఇందులో," అన్నారు.

మళ్ళీ తోమారు. మళ్ళీ గీశారు. మూడోది పుల్ల బీరు. ఆయన గుటక వేశారు. నాలుక మండుతోందని మనకి తెలుసు. ఆయన మాత్రం దాన్ని లోతు అనుకున్నారు.

"గుర్రం," అన్నారు చివరికి. "గుర్రం మీద కప్పిన పాత దుప్పటి వాసన. ఈ మాట అందరూ అనలేరు."

నిజమే, అందరూ అనలేరు. అందరికీ సిగ్గుంటుంది.

"గుర్రం ఎక్కడ తెచ్చేదిరా?" అని తల పట్టుకున్నాడు పేరయ్య. వాడి అదృష్టమో మావయ్య దురదృష్టమో, పక్కవీధి కళ్యాణమండపంలో తెల్లారితే పెళ్ళి. ఊరేగింపు గుర్రాన్ని ఆ పొద్దున్నే తెచ్చి కట్టేశారు. గవర్రాజు దాని వీపుమీది దుప్పటి లాక్కొచ్చి పీపాలో ముంచి, పిండి, మళ్ళీ ముంచాడు. గుర్రానికి ఆ దుప్పటంటే ప్రాణమేమో, తాడు తెంపుకుని వెనకాలే కొట్లోకి వచ్చేసింది. పురుషోత్తంగారు కళ్ళు మూసుకుని రెండో గ్లాసు ఎత్తారు. గుర్రం ఆయన భుజం మీదుగా తల పెట్టి, చెవిలో ఫుర్రుమంది.

"ఆహా," అన్నారాయన మైమరచిపోయి. "అక్షరాలా నా పక్కనే నిలబడ్డట్టుంది!"

"నిలబడే ఉందండి," అన్నాడు బుల్లబ్బాయి.

"నువ్వూ పసిగట్టావా? మంచి నాలుక నీది."

గుర్రం ఆయన గ్లాసులో మిగిలింది తాగేసి, మొహం చిట్లించి వెళ్ళిపోయింది. ఆ పూట అక్కడ నిజం మాట్లాడింది అదొక్కటే.

నల్ల బీరు మిగిలింది. సింహాద్రికి అన్నిటిలోకీ ఇష్టమైనది అదే. బార్లీని తనే దగ్గర కూర్చుని కాఫీగింజ రంగు వచ్చేదాకా వేయించి, నెలల తరబడి ఊరబెట్టాడు. దాని చలి విరగాలి కదా, పొద్దుట్నుంచీ బుల్లబ్బాయి ఆ పీపాని బొంతలో చుట్టి, నుదురు ఎక్కడుందో చూసుకుని, సందు దొరికినప్పుడల్లా వేడి కాపడం పెడుతూనే ఉన్నాడు. ఓసారి దిష్టి కూడా తీశాడు. అందుకే అది ఒక్కటే కాస్త సరిగ్గా వెచ్చబడింది. నిజం చెప్పొద్దూ, ఆ మొదటి గ్లాసు అచ్చంగా సింహాద్రి చేతి బీరే. ఏ పిచ్చీ కలవని బీరు. పురుషోత్తంగారు గుటక వేశారు.

"ఊఁ... కాఫీ. కాస్త పొగ." పెదవి విరవబోయి ఆగారు. "ఇంకేదో ఉంది. దూరంగా ఉంది. నాకు అందడం లేదు. ఆ! తోలు! బాగా వాడిన పాత తోలు! రెండో గ్లాసు తెండి, తేల్చేస్తాను."

ముగ్గురూ కొట్టంతా వెతికారు. తోలు లేదు. గవర్రాజు బెల్టు చూసుకున్నాడు, అది రెక్సిను. పేరయ్య గుమ్మం బయటికి చూశాడు. అరిగి అరిగి నున్నబడిన తోలు చెప్పులు, జోడు, ఎండలో మిలమిల్లాడుతున్నాయి. "రెండూ వెయ్యనా?" అన్నాడు గవర్రాజు. "ఆయన దూరంగా ఉందన్నాడు. ఘాటు ఎక్కువ కాకూడదు. ఒకటి చాలు," అన్నాడు పేరయ్య. చూశారా, ఎంత కొలత తెలిసిన మనిషో! అంతే. ఎడమ చెప్పు బుడుంగుమంది.

పురుషోత్తంగారు రెండో గ్లాసు తాగారు. కళ్ళు తెరిచారు. లేచి నిలబడ్డారు. ఆ మొహంలో ఆనందం చూస్తే మీకూ జాలేసేది.

"ఇదీ! ఇంతకాలం నేను వెతుకుతున్నది ఇదీ! నాకు బాగా తెలిసిన మనిషి ఎవరో పలకరించినట్టుంది! మిగతా మూడూ పక్కన పెట్టండి. నల్లది పన్నెండు పీపాలు, రేపు పొద్దున్నే నా లారీ వస్తుంది. రుచి మాత్రం వెంట్రుకవాసి మారకూడదు!"

ఆ మాట అంటుండగానే ఆటో వచ్చి ఆగింది. నోటినిండా దూదితో సింహాద్రి దిగాడు. వెనకాలే ఆటోవాడు కేకేసి చెప్పాడు. "డాక్టరుగారు గట్టిగా చెప్పమన్నారు బాబూ! సాయంత్రందాకా ఈయన్ని నోరు తెరవనివ్వొద్దంట!"

సింహాద్రి లోపలికి అడుగుపెట్టాడు. పైకప్పు నుంచి కారుతున్న బీరు చూశాడు. పీపాలోంచి తొంగిచూస్తున్న అరటిగెల చూశాడు. గడ్డి చూశాడు, దుప్పటి చూశాడు. నల్ల బీరు పీపాలో తేలుతున్నదాన్ని వంగి చూశాడు. ఆయన నోరు తెరవబోయాడు, ముగ్గురు మేనల్లుళ్ళూ మీదపడ్డారు. పేరయ్య కింది దవడ పట్టాడు, గవర్రాజు పైది పట్టాడు, బుల్లబ్బాయి తలపాగా గుడ్డతో గడ్డం కిందనుంచి నడినెత్తిదాకా బిగించి ముడేశాడు.

"సింహాద్రిగారూ," అన్నారు పురుషోత్తంగారు, "నాది నోటిమాట వ్యవహారం. సరే అని ఒక్క మాట అనండి, చాలు."

"మ్మ్మ్మ్! మ్మ్!" అన్నాడు సింహాద్రి. చెప్పువైపు చూపిస్తూ, తల అడ్డంగా ఊపుతూ, కళ్ళు పెద్దవి చేసి.

"చాలదంటారా? సరే, ప్రతి నెలా పన్నెండు."

"మ్మ్మ్మ్మ్!"

"గట్టివారండీ మీరు! ఏడాది పొడుగునా. ఇక మాట్లాడకండి!"

మాట్లాడనిచ్చిందెవరు? కొట్టు నిలబడిపోయింది. సింహాద్రి గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ మొదలెట్టి రెండూ మానేశాడు.

పురుషోత్తంగారు గుమ్మం దాటి, కుడికాలు చెప్పులో పెట్టి, ఎడమకాలు గాలిలో ఆపారు. "నా రెండో చెప్పు ఏదీ?"

"ఉందండి, ఎక్కడికీ పోలేదు," అంటూ పేరయ్య పట్టకారుతో పీపాలోంచి దాన్ని పైకి తీశాడు. నల్లటి నురగ బొట్లుబొట్లుగా కారింది. "తోలు ఉందన్నారు కదండీ."

పురుషోత్తంగారి మొహంలోకి అన్ని రంగులూ వచ్చాయి, ముందు తెలుపు, తర్వాత ఎరుపు. ఆయన హోటళ్ళు, ఆయన పేరు, ఆయన నాలుక, అన్నీ ఆ చెప్పునుంచి బొట్టుబొట్టుగా కారిపోతున్నాయి. చివరికి ఆయన కళ్ళు అరమోడ్చారు. తల పంకించారు.

"తెలుసు," అన్నారు. "ఎడమకాలిదని కూడా అప్పుడే అనుకున్నాను."

తడిచెప్పు కాలికి తొడుక్కుని, చప్పుడు చేసుకుంటూ కారెక్కి వెళ్ళిపోయారు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఎందుకో చెప్పాలి మరి.

సాయంత్రం కట్టు విప్పాక సింహాద్రి తిట్టలేదు. ఓపిక లేదు. పైగా ఆయన మనసులో చిన్న ఆశ పుట్టింది. పన్నెండు పీపాలూ లోపల గదిలో భద్రంగా ఉన్నాయి, వీళ్ళ చెయ్యి పడనివి. అవి విశాఖపట్నం వెళ్తే, ఎవరో ఒకరు తన బీరు తన బీరులాగే తాగుతారు. అంతకంటే ఏం కావాలి? మందుబిళ్ళ మింగి, మంచం మీద వాలుతూ మేనల్లుళ్ళతో అన్నాడు. "పొద్దున్నే లారీ వస్తే ఎక్కించండి. ఎండ తగలకుండా తడిగోనెలు కప్పండి. రుచి వెంట్రుకవాసి మారకూడదన్నాడు, గుర్తుందిగా?"

"ప్రాణం పోయినా మారనివ్వం మావయ్యా," అన్నాడు పేరయ్య.

డాక్టరిచ్చిన బిళ్ళ గట్టిది. సింహాద్రి లేచేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. లారీ వెళ్ళిపోయింది. గది ఖాళీ. హాయిగా అనిపించింది. చాలాకాలానికి ఆయన మొహంలో నవ్వు కనిపించింది. ఫోను మోగింది. పురుషోత్తంగారు.

"సింహాద్రిగారూ! పీపాలు ఇప్పుడే దిగాయి, అన్నీ రుచి చూశాను. మీరు మామూలు మనిషి కాదు! నిన్నటికంటే పది రెట్లు ఎక్కువగా ఉంది! ఒక్కో పీపాలో ఒక్కో తీరు! ఒకదాంట్లో పాతతనం, ఇంకోదాంట్లో కొంచెం పేడ, ఒకటైతే ఏకంగా కొత్త పాలిష్!"

సింహాద్రి నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఫోను రెండు చేతులా పట్టుకుని అన్నాడు. "అయ్యా, ఒక్క పీపా... ఏమీ కలపంది, ఉత్త బీరు, నా చేతిది, పంపిస్తాను. ఒక్కసారి రుచి చూడండి."

"ఎందుకండీ," అన్నారాయన నొచ్చుకుంటూ, "మంచిదాన్ని చెడగొట్టుకుంటారు?"

ఫోను పెట్టేశాక బయట టప్, టప్, టప్ మని చప్పుడు వినిపించింది. సింహాద్రి తలుపు తీశాడు. వీధినిండా పెళ్ళివారు. పట్టుబట్టలు కట్టుకున్న పెద్దమనుషులు, మెళ్ళో దండతో పెళ్ళికొడుకు, అందరూ కుడికాలికి చెప్పు తొడుక్కుని, కాలే నేల మీద ఎడమకాలు ఆనించలేక కుంటుకుంటూ కొట్టువైపే వస్తున్నారు. నిన్న దుప్పటి పోగొట్టుకున్న గుర్రపు మనిషి దారి చూపిస్తున్నాడు.

తప్పు చేశామన్న బెరుకు పేరయ్య మొహంలో కాస్తయినా ఉంటే ఒట్టు. తెల్లవారుజామునే మండపం ముందు కూర్చుని ఒక్కో చెప్పూ వాసన చూసి, రబ్బరువి, ప్లాస్టిక్కువి పక్కన పడేసి, అసలు తోలువి, అందులోనూ ఎడమవి మాత్రమే ఏరిన మనిషి అతను. కుడివి ముట్టుకోలేదు సరికదా, దుమ్ము దులిపి వరసగా పేర్చి మరీ వచ్చాడు. ఎంత మర్యాద!

"మా చెప్పులేవిరా?" అని పెళ్ళికొడుకు మేనమామ కాలరు పట్టుకున్నాడు.

పేరయ్య గర్వంగా మావయ్య వైపు చూసి, తర్వాత అందరికీ చేతులు జోడించి వినయంగా అన్నాడు.

"కంగారు పడకండి బాబూ, ఎడమవి వెళ్ళిపోయాయి. కుడివి మాత్రం పారెయ్యకండి, జాగ్రత్తగా ఇలా ఇచ్చి వెళ్ళండి. వచ్చే నెల సరుక్కి కావాలి."

సింహాద్రి నోరు తెరిచాడు. ఈసారి ఎవరూ పట్టుకోలేదు. తనే ఆ తలపాగా గుడ్డ అందుకుని గడ్డం కిందనుంచి బిగించి ముడేసుకున్నాడు.

కథ కంచికి వెళ్ళిపోయింది, ఎడమ చెప్పులు విశాఖపట్నం వెళ్ళిపోయాయి. మీరు ఇంటికి వెళ్ళేముందు, గుమ్మం దగ్గర మీవి రెండూ ఉన్నాయో లేదో ఓసారి చూసుకోండి.